సానకు కూడా సాన కావాలి



మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరపకాయ కోయడానికి, పత్తి తీయడానికి వట్టి చేతులు చాలు. కానీ పత్తికట్టె నరకాలన్నా, జొన్న కోయాలన్నా, చివరకు మన హాస్టల్ వంటగదిలో కత్తిపీట మీద వంకాయలు తరగాలన్నా పదును కావాలి. ఆ పదును పెట్టే సాన చక్రాన్ని అందరం చూశాం. దానికీ పదును పోతుందని ఎక్కువమందికి తెలియదు.

సాన చక్రం చూడటానికి రాయిలా ఉంటుంది గాని రాయి కాదు. గట్టి రేణువులను ఒక రకం మట్టితో కలిపి, అచ్చుపోసి, కాల్చి చేస్తారు. పూర్వం మన దేశంలో సాన పట్టేవారు కురువిందం పొడిని లక్కతో కలిపి చక్రం చేసుకునేవారు. కురువిందం అంటే అల్యూమినియం ఆక్సైడే. ఇంగ్లీషు వారి 'కోరండం' అనే మాట మన దక్షిణాది భాషల నుంచి వెళ్ళినదే. నేటి వెల్డింగు షాపుల్లోని బూడిదరంగు చక్రంలోనూ ఉండేది ఆ పదార్థమే.

చక్రం మీది కాగితంపై 'ఎ 36 కె 5 వి' వంటి గుర్తు ఉంటుంది. 'ఎ' అంటే అల్యూమినియం ఆక్సైడ్. 36 రేణువు సైజు. అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నం. 'కె' రేణువులను పట్టి ఉంచే బిగువును తెలుపుతుంది. గట్టి ఉక్కుకు మెత్తని చక్రం వాడాలంటే మేము మొదట నమ్మలేదు. కారణం ఏమనగా, గట్టి ఉక్కు మీద రేణువు మొన త్వరగా అరుగుతుంది. అరిగినది రాలిపోతేనే కింది కొత్త రేణువు పైకి వస్తుంది. రాలకపోతే చక్రం ముఖం అద్దంలా మెరుస్తుంది. ఇక అది కోయదు, ఊరికే రుద్ది వేడి పుట్టిస్తుంది.

మా ఇంటి కొడవలిని ఒకసారి ఒక షాపులో అలాంటి చక్రం మీదే పట్టారు. అంచు నీలంగా మారింది. ఆ రంగు మాకు ఎంతో అందంగా కనిపించింది! ఉక్కు సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడెక్కితే ఆ నీలం వస్తుంది. కమ్మరి కాల్చి నీళ్ళలో ముంచి తెచ్చిన గట్టిదనం అక్కడ తగ్గిపోతుంది. మర్నాడు జొన్నకోతలో మధ్యాహ్నానికే కొడవలి మొద్దుబారింది. అమ్మ సాలు వెనకబడి, ముఠా మేస్త్రి చేత మాటలు పడింది.

మెరిసే చక్రానికి మందు డ్రెస్సర్. పళ్ళున్న చిన్న చక్రాలు గల ఈ పనిముట్టును ఆనుబల్ల మీద గట్టిగా పట్టుకొని, తిరిగే చక్రం ముఖానికి ఆనించి, ఒక చివర నుంచి మరో చివరకు నిదానంగా జరపాలి. మెరుపు పోయి గరుకు కనిపిస్తే చాలు. కళ్ళద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. తరువాత కొడవలి పట్టేటప్పుడు నొక్కకుండా, మాటిమాటికీ నీళ్ళలో ముంచాలి.

కొత్త చక్రం ఎక్కించే ముందు ఒక పరీక్ష ఉంది. సంతలో అమ్మమ్మ కుండను వేలితో కొట్టి చూసినట్లే, పొడి చక్రాన్ని వేలికి తగిలించి చెక్కపిడితో మెల్లగా కొట్టాలి. ఖంగుమంటే మంచిది. బొంగురుగా మోగితే బీట ఉన్నట్లే, పారవేయాలి. లెక్క వేసి చూడండి: 200 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 2800 సార్లు తిరిగితే, దాని అంచు సెకనుకు 29 మీటర్లు, అనగా గంటకు 105 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంలో ముక్క ఊడితే ఎదుట నిలబడినవాడి గతి ఏమిటి? కనుక చక్రంపై రాసిన వేగం మోటారు వేగం కన్నా తక్కువ ఉండరాదు. రెండు పక్కలా కాగితపు బిళ్ళలు వేసి, నట్టు మితంగా బిగించి, మూత పెట్టి, పక్కకు తప్పుకొని ఒక నిమిషం ఖాళీగా తిప్పాలి. ఆనుబల్లకూ చక్రానికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించితే పనిముట్టు అందులో ఇరుక్కుంటుంది. చక్రం అరిగేకొద్దీ ఆనుబల్లను దగ్గరకు జరుపుతూ ఉండాలి.