లైటు వెలుగుతోంది, దారి కనబడటం లేదు
(ఒక ఆటో ఎలక్ట్రీషియన్ అనుభవ పాఠాలు)

కోఠిలో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తూనే నా తల నెరిసింది. ఈమధ్య చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ కుర్రాళ్లు పాత కార్లు, స్పోర్ట్స్ కార్లు వెతికి మరీ కొంటున్నారు. స్టాండర్డ్ హెరాల్డ్, శాన్ స్టార్మ్, ఎప్పుడైనా ఒక విదేశీ బండి. ఇంజనుకూ పెయింటుకూ లక్షలు పోస్తారు. హెడ్‌లైట్ల మాటెత్తితే మాత్రం "వెలుగుతున్నాయిగా అన్నా" అంటారు. ఆ మాట వింటే నాకు గుండెల్లో రాయి పడుతుంది. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

1. హెడ్‌లైటు ఒక్క రాత్రిలో చావదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది. కన్ను కూడా దానితోపాటే అలవాటు పడిపోతుంది. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర్నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా వీధిదీపాలే దారి చూపిస్తాయి కాబట్టి, మీ లైటు సగం పోయినా తెలిసే వీలుండదు. తెలిసేది ఆదివారం అనంతగిరి వెళ్లి చీకటిపడ్డాక తిరిగొస్తున్నప్పుడు. చేవెళ్ల, మొయినాబాద్ దారిలో మర్రిచెట్లు రోడ్డు అంచునే నిలబడి ఉంటాయి. ఎదురుగా లారీ వస్తుంటే ఎడమ అంచు ఎక్కడుందో మీ లైటే చెప్పాలి. అది చెప్పలేకపోతే చెట్టు మొదలే చెబుతుంది.

2. బల్బు మార్చే ముందు వోల్టేజి చూడండి. అన్ని పాఠాల్లోకీ నేను పెద్దదిగా అనుకునేది ఇదే.

లైటు పసుపుగా వస్తోందని బండి తెస్తారు. అప్పటికే రెండు మూడు రకాల బల్బులు మార్చి ఉంటారు. నేను బల్బు జోలికి పోను. స్టీరింగ్ కింద ఉన్న లైటు స్విచ్ విప్పుతాను. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక మూల కరిగి ఉంటుంది. కాంటాక్టుల మీద నల్లగా కార్బన్ పట్టి ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన వాసన. పాత బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ల కరెంటు మొత్తం ఆ చిన్న స్విచ్ గుండానే పోతుంది. 60 వాట్ల బల్బులు రెండు కలిస్తే 10 ఆంపియర్లు. ముప్పై ఏళ్లు అంత కరెంటు మోస్తే ఏ స్విచ్ అయినా అలాగే అవుతుంది.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 13.8 వోల్టులు చూపిస్తుంది. అదే మీటరు, లైటు వెలుగుతుండగా, బల్బు కప్లర్ దగ్గర పెడితే 12 చూపిస్తుంది. తగ్గింది రెండు వోల్టులు కూడా కాదు కదా అనిపిస్తుంది. కానీ హాలోజన్ బల్బు లెక్క వేరు. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. 12 వోల్టులే అందుతున్నాయంటే మూడో వంతు పైగా వెలుగు వైర్లలోనే పోయినట్టు. కొత్త బల్బు వేసినా తేడా రాదు.

మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి. బ్యాటరీ నుంచి మందమైన వైరు, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు, అక్కణ్నుంచి రిలే 30 నంబరు కాలికి. 87 నుంచి బల్బుకు. 85 ఎర్త్‌కు. పాత స్విచ్ వైరు 86కు. ఇక స్విచ్ మోసేది రిలేను లేపడానికి కావలసిన కాస్త కరెంటే. వోల్టేజి చూసే మీటరు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, ఖరీదైనదేమీ అక్కర్లేదు. పాత కారు ఉన్న ప్రతివాళ్ల ఇంట్లో అదొకటి ఉండాలి.

3. ఎర్త్‌ను, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిని, మరిచిపోవద్దు; లైట్ల వైర్లను కూడా. ముందు హెరాల్డ్ సంగతి. హెరాల్డ్ మన దేశంలో 1961 నుంచి మద్రాసులో తయారైంది. దాని ముందుభాగమంతా, బానెట్, మడ్‌గార్డులు, లైట్లతో సహా ఒకే ముక్కగా ముందుకు వాలుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. కానీ తెరిచి మూసిన ప్రతిసారీ లైట్ల వైర్లు వంగుతాయి. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగిపోగులు ఒక్కొక్కటే తెగిపోతుంటాయి. వైరును వేళ్ల మధ్య పెట్టి వంచి చూస్తే మెత్తబడిన చోటు దొరుకుతుంది.

1998లో వచ్చిన శాన్ స్టార్మ్ కథ ఇంకోటి. దానిది ఫైబర్ బాడీ. రేకు బాడీలా కరెంటును వెనక్కి తీసుకుపోలేదు. ప్రతి లైటుకూ ఎర్త్ వైరు విడిగా ఛాసిస్ దాకా పోవాలి. ఆ వైరు బోల్టు దగ్గర తుప్పు పట్టిందంటే, ఇండికేటర్ వేసినప్పుడల్లా హెడ్‌లైటు కూడా మినుకుమంటుంది. అలా కనిపిస్తే బల్బు మీద అనుమానపడకండి. బోల్టు విప్పి, మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాయండి.

4. వంద వాట్ల బల్బు వేయమని అడిగితే నేను వేయను. పాత వైరు, పాత హోల్డరు ఆ వేడికి తట్టుకోలేవు, అద్దం వెనక పూత కూడా మాడుతుంది. ఎల్‌ఈడీ బల్బు విషయం ఇంకా జాగ్రత్తగా వినాలి. హెచ్4 హాలోజన్ బల్బులో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. వెలుగు పైకి పోకుండా ఆపేది అదే. రిఫ్లెక్టర్ ఆకారం మొత్తం ఆ ఫిలమెంటు ఉండే చోటును బట్టే తయారైంది. అందులో ఎల్‌ఈడీ పెడితే వెలుగు పుట్టే చోటు మారి, చెల్లాచెదురవుతుంది. మీ ముందు పది అడుగులు తెల్లగా మెరిసేసరికి మీకు బాగుందనిపిస్తుంది. ఎదురుగా స్కూటీ మీద బిడ్డను కూర్చోబెట్టుకుని వస్తున్న అమ్మకు ఆ క్షణం రోడ్డే కనబడదు. ఆమె కళ్లకు మీరే బాధ్యులు.

5. రిఫ్లెక్టర్‌లోకి పగటిపూట తొంగి చూడండి. అద్దంలా మెరవాలి. మసకబారినా, పూత లేచినా, గుడ్డతో తుడిస్తే ఇంకాస్త ఊడుతుంది. కొత్తది దొరక్కపోతే పూత వేయించాలి. పసుపెక్కిన ప్లాస్టిక్ లెన్సును వాటర్ పేపర్‌తో రుద్ది పాలిష్ చేస్తే మెరుస్తుంది. అయితే ఎండను ఆపే పూత పైన వేయకపోతే మన హైదరాబాద్ ఎండలకు మళ్లీ మొదటికే వస్తుంది.

6. బయటి దేశం నుంచి లైట్లు తెప్పిస్తే, అది ఏ పక్కన నడిపే దేశమో అడగండి. డిమ్ లైటు వెలుగు ఒక పక్క కొంచెం పైకి లేచి ఉంటుంది. మనకు ఎడమ పక్క లేవాలి, రోడ్డు అంచు కనబడటానికి. ఐరోపాలో చాలా దేశాలవి, అమెరికావి కుడి పక్క లేస్తాయి. ఇక్కడ బిగిస్తే ఆ వెలుగు నేరుగా ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా బండ్లకు చేసినవి మనకు సరిపోతాయి.

7. ముందుభాగంలోంచి పైకి లేచే లైట్లంటే కుర్రాళ్లకు పిచ్చి. 1936 మోడల్ కార్డ్ 810లో వాటిని చేత్తో తిప్పి లేపేవారు. 2004తో కార్వెట్ ఐదో తరం, లోటస్ ఎస్ప్రీ ఆగిపోయాక ఆ తరహా దాదాపు ముగిసింది. ఒక కన్ను లేచి ఇంకోటి లేవకపోవడం వీటి పాత రోగం. మోటారుకో, పళ్లచక్రానికో, లింకుకో అరుగుదల వస్తుంది. మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5లో మోటారు మీద రబ్బరు టోపీ కింద చేత్తో తిప్పే మర ఉంటుంది. మీ బండిలో అది ఎక్కడుందో పగలే చూసి పెట్టుకోండి. లేపాక ఆ మోటారు ఫ్యూజు తీసేస్తే మళ్లీ పడుకోవు, ఇల్లు చేరవచ్చు.

8. ఫోకస్ సరిచేయడానికి గోడ చాలు. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, గోడకు 10 మీటర్ల దూరంలో నిలపండి. డిమ్ వెలుగు పైగీత లైటు ఎత్తుకన్నా 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందకు ఉండాలి.

9. వేగం లైటును మించకూడదు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ముప్పై మీటర్లు దాటిపోతాయి, బ్రేకు పట్టి ఆగడానికి మరో నలభై. బాగున్న డిమ్ లైటు చూపేదే యాభై, అరవై మీటర్లు. కోతల కాలంలో మన పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. రాత్రికి కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. నల్లటి రోడ్డు మీద నల్లటి కుప్ప. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ సంగతి సరేసరి. వీధిదీపం లేని చోట పాత కారును డిమ్ మీద 60 దాటించవద్దు.

10. నడుస్తుండగా రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతే గట్టిగా బ్రేకు కొట్టకండి, వెనకున్నవాడు మీ మీదికి వస్తాడు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఫ్లాష్ కొట్టే కాడను మీ వైపు లాగి పట్టుకోండి. చాలా బండ్లలో దానికి కరెంటు వేరే దారిలో వస్తుంది కాబట్టి స్విచ్ కాలిపోయినా బ్రైట్ వెలుగుతుంది. హజార్డ్ వేసి, మెల్లగా ఎడమకు తీసి, రోడ్డు దిగి ఆపండి. టార్చి, మెరిసే త్రికోణం, ఒక ఫ్యూజు, ఒక రిలే డ్యాష్‌బోర్డులో ఉంచుకోండి.

11. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కాగితాలకు ఆ గడువు సరిపోతుంది గానీ లైట్లకు సరిపోదు. ఏటా దసరా ఆయుధపూజకు బండికి బొట్టు పెట్టే ముందు మీటరు పెట్టి, గోడ మీద గీత చూడండి.

12. కన్ను కూడా పాతబడుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి కంటిలోకి వెళ్లే వెలుగులో మూడో వంతే అరవై ఏళ్లవాడి కంటి లోపలికి చేరుతుంది. శుక్లం మొదలైతే ఎదురు లైటు చుట్టూ వలయాలు కనబడతాయి. నా దగ్గరికి లైట్లు డిమ్ అయ్యాయని వచ్చే పెద్దవాళ్లలో కొందరి బండికి ఏ లోపమూ ఉండదు. మీటరు చూపించి, ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లమని పంపిస్తాను. పరీక్ష చేయించుకున్న తేదీని బండి సర్వీసు పుస్తకంలోనే, బల్బు మార్చిన తేదీ పక్కన రాసుకోమంటాను.