కింద చూడకుండా రంగు వేయించకండి

ప్ర: మా నాన్నగారి 1986 అంబాసిడర్ పన్నెండేళ్లుగా పాకలోనే ఉండిపోయింది. ఇంజన్ బాగుచేయించాం, స్టార్టయింది. వెనక ఎడమ పక్క కుంగింది. ఆ చక్రమే పట్టేసి వేడెక్కుతోంది. కొత్త అమావాస్యకి అమ్మని ఆ బండిలోనే నూకాలమ్మ గుడికి తీసుకెళ్లాలని నా కోరిక. ముందు పెయింటింగ్ కానిచ్చి, మిగిలిన డబ్బుతో వెనక పని చేద్దామంటున్నాడు మెకానిక్. సరేననమంటారా?
– ఒక పాఠకుడు, కశింకోట

జ: అనొద్దు బాబూ. అమ్మని కూర్చోబెట్టే బండికి మిగిలిన డబ్బుతో బ్రేకులు వేయిస్తారా? పాత బండి బాగుచేయిస్తున్నామని రాసేవాళ్లలో ఎక్కువమంది పెయింట్ దగ్గరో సీటు కవర్ల దగ్గరో మొదలుపెడుతున్నారు. నలుగురికీ కనిపించేది అదే మరి. బండిని ఆపే సామాను అంతా కిందే ఉంది. దాన్ని చూడాలంటే నేల మీద వెల్లకిలా పడుకోవాలి, అందుకే ఎవరూ చూడరు. పెయింట్ ముందు వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. పైపులు విప్పేటప్పుడు, ఎయిర్ తీసేటప్పుడు నాలుగు చుక్కలు చిందక మానవు. అవి పడ్డ చోటల్లా మీ కొత్త రంగు ఉబ్బి లేచిపోతుంది.

ముందుగా ఆ చక్రం ఎందుకు పట్టేస్తోందో కనుక్కోండి. బండిని లేపి స్టాండ్ల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వదిలేసి, ఆ చక్రం బ్రేక్ నిప్పల్ కొద్దిగా లూజు చేయమనండి. ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయిందా, లైన్లో ప్రెజర్ చిక్కుకుందన్నమాట. అప్పుడు అనుమానించాల్సింది రబ్బరు హోస్ పైపుని, మాస్టర్ సిలిండర్‌ని. పాత హోస్ పైకి నల్లగా నిగనిగలాడుతూనే లోపల ఉబ్బి మూసుకుపోతుంది. పెడల్ బలానికి ఆయిల్ అటు వెళ్తుంది గానీ, కాలు తీశాక వెనక్కి రాలేదు. నిప్పల్ విప్పినా చక్రం కదల్లేదంటే వీల్ సిలిండర్‌లో పిస్టన్ తుప్పు పట్టి బిగిసిపోయి ఉండాలి, లేదా హ్యాండ్ బ్రేక్ కేబుల్ జామ్ అయి ఉండాలి. ఈ రెండు నిమిషాల పని చెయ్యకుండా ‘షూలు రాసుకుంటున్నాయి’ అని ఉప్పు కాగితంతో రుద్ది డ్రమ్ము మూసేసేవాళ్లని చాలామందిని చూశాను.

పన్నెండేళ్లు నిలబడ్డ బండికి హోస్ పైపులన్నీ కొత్తవి వేయించండి. వీల్ సిలిండర్ లోపలి గోడ మీద గోరుకు తగిలే గుంట ఉంటే కప్పు వాషర్లు మార్చి లాభం లేదు, సిలిండరే మార్చాలి. ఇనుప పైపు తుప్పు తింటే ఆ పైపు మొత్తం మార్చాలి. మధ్యలో కోసి పెట్రోలు ట్యూబు తొడిగి క్లిప్పు బిగించే పని మన దగ్గర నడుస్తోంది. బ్రేక్ తొక్కినప్పుడు పుట్టే ఒత్తిడికి ఆ ట్యూబు ఎప్పుడైనా పగులుతుంది. పాత రకం బళ్లలో మాస్టర్ సిలిండర్‌కి గది ఒక్కటే. అందులో ఒక్క చక్రం దగ్గర లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. మీ బండిది అదే రకమైతే ఈ విషయంలో రాజీ అన్నదే లేదు.

లైనింగ్ రెండు చక్రాలకీ ఒకేసారి, ఒకే రకం వేయించండి. డ్రమ్ములు లేత్ మీద కోయిస్తే రెండూ సమానంగా కోయించండి. ఒకటి ఎక్కువ కోసి ఒకటి తక్కువ కోస్తే తొక్కినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. కోతకీ ఒక హద్దుంది. పలచబడ్డ డ్రమ్ము త్వరగా వేడెక్కి పగులుతుంది. ఎడమ డ్రమ్ములో నల్లగా గేరాయిల్ కనిపిస్తే యాక్సిల్ ఆయిల్ సీల్ పోయినట్టు. ఆయిల్ పీల్చిన లైనింగ్‌ని పెట్రోలు పోసి కాల్చి మళ్లీ బిగించనివ్వకండి, అది ఇక పనికిరాదు. సీల్ మార్చేముందు హౌసింగ్ పైన ఉండే గాలి బిరడా మూసుకుపోయిందేమో చూడమనండి. అది మూసుకుపోతే లోపలి వేడి గాలి కొత్త సీల్‌ని కూడా దాటించి ఆయిల్‌ని బయటికి తోస్తుంది.

ఇక కుంగుడు. కమాన్ కట్ట విప్పించి పట్టీలు ఒక్కొక్కటీ చూడండి. మెయిన్ పట్టీ కన్ను దగ్గరా, సెంటర్ బోల్టు కన్నం దగ్గరా సన్నటి చీలిక ఉంటుందేమో గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి చూడాలి. చీలిక ఉంటే అది పాత సామానుకే. చీలిక లేక కేవలం వంపు పోయిందంటే హైవే వారన లారీ కమాన్లు చేసేవాళ్ల దగ్గర చల్లగానే కొట్టించి వంపు తెప్పించుకోవచ్చు. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచితే పదును పోతుంది. దానికి మళ్లీ సరిగ్గా పదును పెట్టే ఏర్పాటు ఆ షాపులో ఉంటే తప్ప ఒప్పుకోకండి. ఒక పక్కే కుంగినా రెండు పక్కలూ విప్పించాలి. షాకబ్జార్బర్లూ అంతే, జతగానే మార్చాలి.

యూ బోల్టులు కొత్తవి వేయించండి. సాగిన పాత బోల్టు బిగిసినట్టే ఉండి వదులవుతుంది. అయిదొందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగించాలి. షాకిల్ బుష్షుల నట్లు మాత్రం బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించొద్దు. చక్రాలు నేల మీద ఆనించి, బండి బరువు కమాన్ మీద పడ్డాక బిగించాలి. అలా కాకపోతే రబ్బరు మెలితిరిగిన చోటే బిగుసుకుపోయి నెలల్లో చిరిగిపోతుంది. అన్నీ అయ్యాక ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి రెండు పక్కలా టేపు పెట్టి కొలవండి. తేడా వస్తే సెంటర్ బోల్టు తన గుంటలో కూర్చోలేదు. అలాగే నడిపితే బండి పీతలా ఏటవాలుగా వెళ్తుంది.

సామానుకి బెంగపడకండి. ఉత్తరపారా కార్ఖానాలో 2014లో అంబాసిడర్ ఆగిపోయిందన్నది నిజమే. కానీ 1958 నుంచి తయారైన బండి కాబట్టి కోల్‌కతా మల్లిక్ బజార్లోనూ చెన్నై పుదుపేటలోనూ ఇప్పటికీ దొరుకుతోంది. కొనే ముందు మీ పాత ముక్కని చేతిలో పట్టుకెళ్లి కొలిచి చూసుకోండి. కొత్త అమావాస్యకి పని పూర్తికాకపోతే అమ్మని ఆటోలో తీసుకెళ్లండి. ఏడాది పొడుగునా ఎప్పుడు వెళ్లినా తల్లి దర్శనమిస్తుంది.

ప్ర: వీల్ సిలిండర్ విప్పినప్పుడు కిరసనాయిలుతో కడగొచ్చా?
– చోడవరం

జ: వద్దు. కిరసనాయిలు, డీజిలు, పెట్రోలు ఏది తగిలినా బ్రేక్ రబ్బర్లు ఉబ్బిపోతాయి. కొత్త బ్రేక్ ఆయిల్‌తో గానీ స్పిరిట్‌తో గానీ కడగండి.

ప్ర: బెల్లం దిమ్మలు యార్డుకి మా అంబాసిడర్ డిక్కీలోనే వేసుకెళ్తున్నాం. వెనక నేలకి ఆనుతోంది. కమాన్‌కి ఇంకో రెండు పట్టీలు కలిపితే సరిపోతుందా?
– మునగపాక రైతు

జ: కుంగడం ఆగుతుంది, కష్టం మొదలవుతుంది. ఖాళీగా వచ్చేటప్పుడు వెనక చక్రాలు గతుకు గతుక్కీ నేల వదిలి ఎగురుతాయి. అప్పుడు బ్రేక్ తొక్కితే అవి బిగిసిపోయి బండి వెనక భాగం పక్కకి జారుతుంది. పట్టీలు కలిపినంత మాత్రాన డ్రమ్ములు పెద్దవైపోవు, హౌసింగ్‌కి బలం రాదు. దిమ్మలకి ట్రాలీ మాట్లాడుకోండి.

ప్ర: నాది 2003 మారుతి 800. బ్రేక్ మొదటిసారి తొక్కితే పెడల్ కిందికి పోతుంది, రెండోసారికి నిలబడుతుంది. మెకానిక్ ప్రతి నెలా ఎయిర్ తీసి డబ్బు తీసుకుంటున్నాడు. కారణం అడిగితే ‘మీకు అర్థం కాదు మేడం’ అంటున్నాడు.
– ఒక టీచర్, యలమంచిలి

జ: మీకు అర్థమవుతుందమ్మా. మూసి ఉన్న లైన్లోకి గాలి దానంతటది రాదు. నెలనెలా వస్తోందంటే ఎక్కడో ఆయిల్ బయటికి పోతున్నట్టే. గాలి తీయడానికి ముందు ఆ చోటు వెతకాలి. మీరే మూడు పరీక్షలు చెయ్యొచ్చు. బండి నిలిపి పెడల్ గట్టిగా తొక్కి అలాగే అర నిమిషం పట్టి ఉంచండి. మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగాయి. దూది మీద కాలేసినట్టు మెత్తగా ఉంటే గాలి. రెండో తొక్కుకి రాయిలా గట్టిగా నిలబడి, ఎంతసేపు పట్టుకున్నా జారకపోతే వెనక షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగింది, అడ్జస్టర్లు పని చెయ్యడం లేదు. వెనక టైర్ల లోపలి గోడ మీద తడి మరక ఉందేమో కూడా చూడండి. ఉంటే ఆ రోజు నుంచే బండి తీయకండి.

ఆయిల్ డబ్బాలో రంగు టీ డికాషన్‌లా ఉంటే మొత్తం మార్పించండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీలుస్తుంది, సముద్రం ఇంత దగ్గరున్న మన ఊళ్లలో తేమకేం కొదవ? కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల వరకూ మరగకూడదు. తేమ చేరాక 140 డిగ్రీలకే మరగొచ్చు. లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు దిగుతూ పది మలుపుల్లో వరుసగా బ్రేక్ తొక్కితే ఆ వేడి వచ్చేస్తుంది. ఆయిల్ ఆవిరైతే పెడల్ ఖాళీగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించండి, ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేర్లోనే దిగండి. ఇక కారణం చెప్పని మెకానిక్‌ని మార్చుకోండి. పని తెలిసినవాడు అరిగిన ముక్కని మీ చేతిలో పెట్టి చూపిస్తాడు.

ప్ర: 1969 ఫియట్ 1100కి ముందూ వెనకా డిస్క్ బ్రేకులు పెట్టించి, తర్వాత వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామనుకుంటున్నాను.
– సబ్బవరం

జ: రెండూ కలవవు. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నదే వింటేజ్. అలా నమోదైతే మళ్లీ రోజువారీ తిరగడానికి వీల్లేదు. ఇక కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడం మీద సుప్రీంకోర్టు 2019లోనే గట్టిగా చెప్పింది. ఆ బండి బరువుకీ వేగానికీ దాని డ్రమ్ములు సరిపోతాయి, సరిగ్గా ఉంచుకుంటే.

ప్ర: మావారు ఆదివారం వస్తే పాత కారు కిందే ఉంటారు. వెనక పక్క జాకీతో లేపి సిమెంటు ఇటుకలు పెడతారు. మా పదేళ్ల బాబు పక్కన కూర్చుని పానాలు అందిస్తాడు. నాకు భయం వేస్తుంది. ‘నీకన్నీ అనుమానాలే’ అంటారు. నాది చాదస్తమా?
– గవరపాలెం నుంచి ఒక ఇల్లాలు

జ: కాదమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాబు వయసులో నేనూ ఒక షెడ్డులో మేస్త్రీకి లైటు పట్టుకునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆయన టీ వచ్చిందని కింద నుంచి బయటికి పాకారు. గ్లాసు పెదవులకి చేరకముందే జాకీ ఒరిగి బండి నేలకి దిగిపోయింది. ఆయన పడుకున్న గోనె పట్టా మీద హౌసింగ్ కూర్చుంది. ఆ గోనెని ఆయన చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు ఇంకే పనీ చెయ్యలేదు.

జాకీ లేపడానికే, నిలపడానికి కాదు. సిమెంటు ఇటుక వంగదు, మూలగదు, ఒక్కసారిగా పొడి అవుతుంది. ఒక జత ఇనుప స్టాండ్లు కొనమనండి, పెయింట్ డబ్బా మానేసి అయినా సరే. విప్పిన చక్రాలు రెండూ బాడీ కిందికి దొర్లించి పడుకోబెట్టుకోవాలి, స్టాండు జారినా అవి కాస్తాయి. ముఖ్యంగా ఇది అడగండి: ‘హ్యాండ్ బ్రేక్ వేశాను’ అంటున్నారా? మన పాత కార్లలో హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. ఆ చక్రాలు గాల్లో ఉంటే అది దేన్నీ పట్టదు. ముందు చక్రాలకి ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టి తీరాలి.

బాబుని డ్రమ్ములు విప్పే రోజు దూరంగా ఉంచండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. గాలి కొట్టి ఊదకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని సంచిలో కట్టి పారేయాలి. పని నేర్చుకోవడం మంచిదే, బల్ల మీద పెట్టిన సిలిండర్ విప్పి బిగించడం నేర్పమనండి.

వచ్చే ఆదివారం ఆయన కిందికి దూరేముందు మీరే వెళ్లి బండిని భుజంతో నాలుగుసార్లు గట్టిగా తోయండి. అంగుళం కదిలినా ఆయన్ని దూరనివ్వకండి.