ఉపగ్రహ నేత్రంలో కొల్లేరు

అంతు లేకుండా సాగే విషయాన్ని 'కొల్లేటి చాంతాడు' అనడం తెలుగువారి వాడుక. గట్టున నిలిచినవారి చూపునకు అందని ఆ సరస్సును సమగ్రంగా చూడాలంటే ఆకాశానికి ఎగరవలసిందే. ఆ పనిని నేడు ఉపగ్రహాలు చేస్తున్నాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ప్రకృతి ఏర్పరచిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు తెచ్చే వరదనీటిని తనలో ఇముడ్చుకొని, ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి పంపడం దాని స్వభావం. కనుక అది పక్షులకు ఆవాసం మాత్రమే కాదు, పరిసర గ్రామాలకు వరదల నుండి రక్షణ కూడా.

గత శతాబ్ది చివరి దశాబ్దాలలో సరస్సు గర్భంలోనే చేపల చెరువులు విస్తరించాయి. నేలపై నిలిచి చూస్తే ఒక్కొక్క గట్టు చిన్న మార్పుగానే తోస్తుంది. అన్నింటినీ కలిపి చూసినప్పుడే ముప్పు బోధపడుతుంది.

నీరు, పైరు, మట్టి సూర్యకాంతిని వేర్వేరు రీతులలో పరావర్తనం చేస్తాయి. ఉపగ్రహంలోని సెన్సార్లు ఆ భేదాన్ని నమోదు చేస్తాయి. ఇదే రిమోట్ సెన్సింగ్. 1988లో కక్ష్యలో ప్రవేశించిన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహంతో ఈ రంగంలో మన దేశం గొప్ప ముందంజ వేసింది. ఉపగ్రహ చిత్రాలపై నేల ఎత్తుపల్లాలు, ఏరుల మార్గాలు, గ్రామాల ఉనికి తెలిపే పటాలను పొరలుగా అమర్చి పరిశీలించే సాధనమే భౌగోళిక సమాచార వ్యవస్థ. ఏ చెరువు సరస్సు హద్దులో ఉన్నదో, ఏ గట్టు ప్రవాహానికి అడ్డుపడుతున్నదో దీనివల్ల తేటతెల్లమవుతుంది. వరద వేళ మబ్బులు కమ్మినా రాడార్ ఉపగ్రహాలు ముంపు ప్రాంతాలను గుర్తించగలవు.

ప్రభుత్వం 1999లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో దానికి రామ్‌సర్ గుర్తింపు లభించింది. 2006లో అనేక చెరువుల గట్లను తొలగించారు. అయినా తరువాతి కాలపు చిత్రాలలో చెరువులు మళ్ళీ కనిపించాయి. 2024 సెప్టెంబరులో విజయవాడ కాలనీలను ముంచెత్తినది ఈ సరస్సులో కలిసే బుడమేరే. నీటి దారిని మరచిన ఊరికి నీరే దాన్ని గుర్తుచేస్తుందనడానికి ఇది నిదర్శనం.

అయితే, చెరువు ఎక్కడ ఉన్నదో చిత్రం చెబుతుంది గాని, దానిపై ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో చెప్పదు. గట్టు తొలగిన నాడు కూలి కోల్పోయేవాని ఆకలి ఏ పటంలోనూ కానరాదు. సరస్సునూ, దానిని నమ్ముకున్నవారినీ కలిపి కాపాడే ఉపాయం ఆలోచించవలసింది మనుషులే. విజ్ఞానం చూపునిస్తుంది, వివేకం దారి చూపాలి.