సందేహాలు – సమాధానాలు: మామ్మ పేరు ఏ కాగితంలో ఉంది?

ఈసారి చోటంతా కిరండూల్, బచేలి, జగదల్‌పూర్ నుంచి వచ్చిన ఉత్తరాలకే. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప గనుల కొండల కింద మన తెలుగు కుటుంబాల్లో మూడో తరం సంపాదనలో పడింది. మొదట వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ జాడ అడిగేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారంటే అందుకేనేమో.

*

మా మామ్మ 1966 ప్రాంతంలో సాలూరు వైపు నుంచి కిరండూల్ వచ్చింది. తాతయ్య రైల్వే లైను పనిలో చేరి తరవాత గనికి మారాడు. మా వీధిలో మొదట కాపరం పెట్టిన తెలుగు ఆడమనిషి ఆవిడేనంటారు. 1971 జనాభా లెక్కల్లో ఆవిడ వివరాలు తీయించాలంటే ఎక్కడ దరఖాస్తు పెట్టాలి?
– ఒక పాఠకురాలు, కిరండూల్

ఎక్కడా పెట్టలేరమ్మా. 1948 జనాభా లెక్కల చట్టం సెక్షన్ 15 ప్రకారం ఇంటింటికీ వచ్చి రాసుకున్న ఫారాలు చూసే హక్కు ఎవరికీ లేదు. సివిలు దావాలో సాక్ష్యంగా కూడా అవి చెల్లవు. లెక్క తేలాక వాటిని పేర్లతో సహా దాచిపెట్టే పద్ధతీ మనకు లేదు. అమెరికాలో 72 ఏళ్ళు దాటితే తెరుస్తారు. 1950 నాటి ఫారాలను 2022 ఏప్రిల్ 1న తెరిచారు. ఇంగ్లండులో నూరేళ్ళు ఆగాలి. అక్కడివాళ్ళు ముత్తవ్వల జాడ తీసిన వీడియోలు చూసి మనవాళ్ళు సెన్సస్ ఆఫీసులకు ఉత్తరాలు రాస్తుంటారు. ఆ దారి మనకు మూసే ఉంది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగబోయే లెక్కలకూ వర్తించేది ఆ చట్టమే. రేపు మీ మనవరాలు వెతికినా మీ ఫారం దొరకదు.

అలాగని సెన్సస్ పుస్తకాలను వదిలెయ్యకండి. మనిషి దొరకదు గాని ఆ మనిషి బతికిన ఊరు దొరుకుతుంది. బస్తర్ జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు 1961వీ 1971వీ పక్కపక్కన పెట్టుకుని కిరండూల్ ఎంట్రీ చూడండి. ఆ రెండిటి మధ్యే కొత్తవలస నుంచి దాదాపు 445 కిలోమీటర్ల రైలు మార్గం కొండలు తొలుచుకుంటూ వచ్చింది. 1968లో 14వ డిపాజిట్‌లో తవ్వకం మొదలై, జపాను వెళ్ళాల్సిన ఖనిజం విశాఖ రేవుకు దిగడం ఆరంభమైంది. మీ మామ్మ ఆ రెండు పుస్తకాల నడుమ వచ్చిన మనిషి. మాతృభాషల పట్టికలు తీస్తే జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరో, అందులో ఆడవాళ్ళెందరో కూడా తెలుస్తుంది.

వలస పట్టికలూ చూడండి. 'సొంతూరు వదిలి ఎందుకొచ్చారు' అన్న ప్రశ్న 1981లో మొదటిసారి చేర్చారు. జవాబుకు ఉద్యోగం, చదువు, కుటుంబంతో రావడం, పెళ్ళి, ఇతరం అని గడులిచ్చారు. మీ మామ్మను ఏ గడిలో వేసి ఉంటారో నేను చెప్పనక్కర్లేదు. ఆవిడ కాంట్రాక్టరు దగ్గర గంపెత్తినా, క్వార్టర్ల మధ్య ఇడ్లీలమ్మినా గడి మాత్రం 'కుటుంబంతో' అన్నదే. ఆ పట్టికలో ఆడవాళ్ళ అంకెలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

ఇక పేరు ఎక్కడ దొరుకుతుందంటే, ముందు తాతయ్య కాగితాల్లో. ఇది రుచించకపోవచ్చు. కానీ ఆ తరం ఆడవాళ్ళ పేర్లలో చాలా భాగం మగవాళ్ళ ఫైళ్ళలోనే ఉన్నాయి. సర్వీసు పుస్తకంలో కుటుంబ వివరాల పేజీ ఉంటుంది. పీఎఫ్ నామినేషన్ ఉంటుంది. 1972 గ్రాట్యుటీ చట్టం కింద ఫారం-ఎఫ్ ఉంటుంది, అందులో నామినీ పేరు, వరస, వయసు రాస్తారు. ప్రాజెక్టు ఆసుపత్రి చికిత్సకు ఇచ్చిన కుటుంబ పుస్తకం ఇంట్లో ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉండి ఉంటుంది. కిరండూల్ ప్రాజెక్టు పర్సనల్ విభాగానికి ముందు మామూలు ఉత్తరం రాయండి. మరణ ధ్రువపత్రం, మీ బంధుత్వం చూపే కాగితం జతచెయ్యండి. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 'వ్యక్తిగత సమాచారం' అని తోసిపుచ్చితే చట్టంలోని సెక్షన్ 8(3) చూపించండి. ఇరవై ఏళ్ళు దాటిన సంగతులకు ఆ మినహాయింపు వర్తించదు. ఫైలు ఇప్పటికే నాశనమై ఉంటే మాత్రం ఏ చట్టమూ దాన్ని పుట్టించలేదు.

ఆవిడ స్వయంగా గనిలో పనిచేసి ఉంటే ఇంకో రిజిస్టరుంది. 1952 గనుల చట్టం సెక్షన్ 48 కింద ప్రతి గనిలోనూ పనివాళ్ళందరి పట్టిక ఉంచాల్సి ఉండేది, దాన్నే ఫారం-బి అనేవాళ్ళు. మగవాడైతే తండ్రి పేరు, ఆడదైతే మొగుడి పేరు రాయాలని ఆ చట్టమే చెప్పేది. వయసు, ఏం పని, ఏ తేదీన చేరారు అన్నవీ ఉంటాయి. చివర సంతకమో వేలిముద్రో ఉంటుంది. అలాంటి పేజీ దొరికితే ఫోటోకాపీతో సరిపెట్టుకోకండి, అసలు పేజీ చూడనివ్వమని అడగండి. మొగుడి పేరు గుమాస్తా రాసింది, ఆ నీలిసిరా వేలిముద్ర మాత్రం ఆవిడ చేత్తో వేసింది. కాంట్రాక్టర్ల మస్టర్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

*

అమ్మమ్మ ఇత్తడి బిందె మీద చుక్కలు చుక్కలుగా 'గొ.అ. 1961' అని కొట్టి ఉంది. మా తాతగారి ఇంటిపేరు 'పె'తో మొదలవుతుంది. ఈ బిందె మాదేనా, ఎవరిదైనా మారిపోయిందా?
– ఒక పాఠకుడు, బచేలి

మీదే. నాకు వచ్చిన ఉత్తరాల్లో నన్ను బాగా సంతోషపెట్టిన ఉత్తరం ఇదే. సర్కారు కాగితాల్లో పోయిన పుట్టింటి పేరు సామాను మీద నిలిచిపోవడం తరచూ కనిపిస్తుంది. సారె సామాను కొనేటప్పుడే కొట్టువాడి చేత పేరు కొట్టిస్తారు. అప్పటికి పిల్ల అత్తారింటికి వెళ్ళలేదు కాబట్టి ఇంటిపేరు పుట్టింటిదే పడుతుంది. 'గొ' పుట్టింటి పొడక్షరం, 'అ' ఆవిడ పేరు, లేదా కొనిచ్చిన తండ్రి పేరు. 1961 పెళ్ళి సంవత్సరమో, కొన్న సంవత్సరమో అవుతుంది. గృహప్రవేశానికో నోముకో చదివించిన గిన్నెల మీద మాత్రం ఇచ్చినవాళ్ళ పేరే ఉంటుంది. వాటిని కలిపెయ్యకండి. ఇంట్లో ఉన్న చెంబులు, గంగాళాలు, మరచెంబుల అడుగులన్నీ తిరగేసి ఒక కాగితం మీద రాయండి. అక్షరాలు అరిగితే పిండి రుద్ది పక్కనుంచి టార్చి వెయ్యండి, చుక్కలు లేస్తాయి. చింతపండుతో మాత్రం తోమకండి.

మీ ఇంట్లో తద్దినాలు పెట్టే ఆచారముంటే పురోహితుణ్ణి కూడా అడగండి. మగవాళ్ళకు మూడు తరాలు చెప్పినట్టే తల్లి, ఆమె అత్తగారు, ఆ పై అత్తగారు అని ఆడవాళ్ళ పేర్లూ చెప్పించుకుంటారు. ఏ రిజిస్టరులోనూ లేని ముత్తవ్వ పేరు అలా బయటపడిన ఇళ్ళు నేనెరుగుదును. పూర్వం ఎవరైనా కాశీ, గయ వెళ్ళొచ్చి ఉంటే అక్కడి పండాల పుస్తకాల్లో ఊరి పేరు కింద వెతికించవచ్చు.

*

ఓటర్ల జాబితాలో నానమ్మ పేరు ఎంత వెతికినా లేదు. పేరు సింహాచలం. మా ఇంటిపేరు వేరే ఉన్నా ఇక్కడ మమ్మల్నందరినీ 'రావు'లుగానే రాస్తారు.
– కిరండూల్ నుంచి ఇంకొకరు

ఛత్తీస్‌గఢ్‌లో మనవాళ్ళకు పట్టిన రావు జబ్బు ఇది. తాతయ్య పేరు చివర ఉన్న రావు మనవడికి ఇంటిపేరైపోయింది, అసలు ఇంటిపేరు పొడక్షరమై, ఆ పైన అదీ ఊడిపోయింది. మీరు వెతకాల్సింది తెలుగు పేరు కాదు, హిందీ గుమాస్తా చెవికి వినిపించిన పేరు. సిమాచలం, సిమ్హాచలమ్, సింగాచలం, అన్నిటికీ చివర 'బాయి' తగిలించి మరోసారి, ఇవన్నీ దేవనాగరిలో ముందే రాసి పెట్టుకోండి. పైగా ఉత్తరాంధ్రలో సింహాచలం, పైడితల్లి అన్నవి మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ ఉండే పేర్లు. మీ నానమ్మ మగ ఓటరుగా అచ్చయి ఉన్నా ఆశ్చర్యపోకండి. జాబితా ఇంటి నంబరు వరసలో ఉంటుంది. అందుకని పేరు వదిలేసి తాతయ్యనో, పక్క క్వార్టరువాళ్ళనో పట్టుకుని ఆ వరస మొత్తం చదవండి. 2003 నాటి జాబితాలు ఎన్నికల అధికారి వెబ్‌సైటులో పెట్టారు. అంతకుముందు అచ్చయినవాటికి జిల్లా ఎన్నికల కార్యాలయంలో అడగండి. నియోజకవర్గం దంతేవాడ.

దొరకలేదని దిగులుపడకండి, ఈ రోగం పాతదే. మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు ఫలానావాడి పెళ్ళాం, ఫలానావాడి తల్లి అనే తప్ప సొంత పేరు చెప్పని ఆడవాళ్ళు లక్షల్లో ఉన్నారు. అలా రాస్తే చెల్లదని ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితా నుంచి పోయాయి. పోయినవాటిలో ఎక్కువ ఉత్తరాది రాష్ట్రాలవే.

*

మామ్మ పుట్టింది పార్వతీపురం దగ్గర పల్లెలో. ఒకరు శ్రీకాకుళం జిల్లా అంటారు, ఒకరు విజయనగరం అంటారు. ఎక్కడ అడగాలి?
– ఒక పాఠకురాలు, జగదల్‌పూర్

ఇద్దరిదీ నిజమే. ఊరు కదల్లేదు, జిల్లాలే దాని మీదుగా నడిచిపోయాయి. ఆ ప్రాంతం 1950 ఆగస్టు 15 దాకా విశాఖపట్నం జిల్లా, అప్పట్నుంచి శ్రీకాకుళం, 1979 జూన్ 1 నుంచి విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. మీరున్న వైపూ అంతే. బస్తర్‌ నుంచి 1998లో దంతేవాడ విడిపోయింది, 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. ఏ సంవత్సరపు కాగితం కావాలో చూసుకుని ఆ నాటి జిల్లా పేరుతో అడగండి.

అప్పట్లో మద్రాసు చట్టం ప్రకారం జననమరణాల రిజిస్టరు గ్రామ మునసబు రాసేవాడు. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాక ఆ పుస్తకాలు తాలూకా కచేరీలకు, అక్కడి నుంచి మండలాలకు చేరాయి. కొన్ని చెదల పాలయ్యాయి. దొరికినా అందులో మామ్మ పేరు ఉండకపోవచ్చు. పురుడైన వెంటనే రాసింది గనక 'ఆడ శిశువు' అని, తండ్రి పేరు, ఊరు మాత్రమే ఉంటాయి. అన్నదమ్ముల పుట్టిన తేదీలు తెలిస్తే వాటి మధ్య ఈవిడ ఏ సంవత్సరమో తేలుతుంది.

దీనికంటే మంచి చోటు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్ళు భూమి రాసిస్తే ఆ దస్తావేజులో ఆడపిల్ల పేరు, తండ్రి పేరు, భర్త పేరు, అత్తారి ఊరు ఒకేచోట వస్తాయి. ఆ రోజుల్లో అలాంటి కాగితం ఇంకోటి లేదు. దస్తావేజు నంబరు లేకపోయినా ఫరవాలేదు, మనుషుల పేర్లతో అక్షరక్రమంలో రాసిన సూచిక ఉంటుంది. స్థిరాస్తి పుస్తకం, దాని సూచిక ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. ఆడపిల్ల కన్నా అన్నదమ్ముల పేర్లతో వెతకడం మేలు. పంపకాల దస్తావేజులో, హక్కు విడుదల కాగితంలో అక్కచెల్లెళ్ళను వరసగా రాస్తారు.

*

మామ్మ రికార్డులు తీస్తే కులం సర్టిఫికెట్‌కు పనికొస్తాయా?
– ఒక విద్యార్థి, కిరండూల్

కులం మామూలుగా తండ్రి వైపు నుంచే చూస్తారు. షెడ్యూల్డు కులాలవాళ్ళు 1950 ఆగస్టు 10 నాటికి, తెగలవాళ్ళు 1950 సెప్టెంబరు 6 నాటికి ఈ రాష్ట్ర నివాసులై ఉండాలి. గని కోసం వచ్చిన కుటుంబాలకు ఇది కుదరదు. తండ్రికి ఆంధ్రలో ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా వలస వచ్చినవారికిచ్చే సర్టిఫికెట్టే తీసుకోవాలి. వెనకబడిన తరగతులకు తేదీ 1984 డిసెంబరు 26. మీ కులం ఇక్కడి జాబితాలో ఉండి, ఆ తేదీకి ముందే కుటుంబం ఇక్కడ ఉన్నట్టు చూపగలిగితే దారి ఉంది. నాన్న చదివిన బడిలో పిల్లల చేరికలు రాసే దాఖిల్ ఖారిజ్ రిజిస్టరు నకలు తీయించండి. మామ్మ పేరు మీద ఉన్న పాత రేషన్ కార్డు ఇక్కడి నివాసానికి తోడు సాక్ష్యమవుతుంది.

*

మామ్మ ఇంకా ఉంది. ఏమడిగినా 'నా కథేముందే, ఒచ్చేను, ఉన్నాను' అంటుంది. ఎలా మాట్లాడించాలి?
– ఒక మనవరాలు, కిరండూల్

'నీ జీవితం గురించి చెప్పు' అంటే ఎవరూ చెప్పరమ్మా. వస్తువు చేతిలో పెట్టి అడగండి. రైలు దిగినప్పుడు నెత్తిమీద మూటలో ఏముంది, మొదటి రాత్రి ఎవరింట్లో పడుకున్నారు, నీళ్ళెక్కణ్ణుంచి, నాన్న పుట్టినప్పుడు పురుడెవరు పోశారు, సంతలో గోండు ఆడవాళ్ళతో ఏ భాషలో బేరమాడావు అని అడగండి. జవాబులో మనిషి పేరు వచ్చినప్పుడల్లా రాసుకోండి. తేదీల కోసం పీడించకండి. ఫలానా పిల్లాడు అప్పటికి పాకుతున్నాడా, నడుస్తున్నాడా అంటే తేదీ అదే వస్తుంది.

1978 ఏప్రిల్ గురించి తప్పక అడగండి. ఇక్కడి గనిలో యంత్రాలు రావడంతో కాంట్రాక్టు కూలీలను తీసేసినప్పుడు గొడవ లేచి, 5వ తేదీన పోలీసు కాల్పులు జరిగాయి. ఎందరో కూలీల కుటుంబాలు చెదిరిపోయాయి. కాల్పుల గురించి ఆవిడ చెప్పకపోవచ్చు, బలవంతపెట్టకండి. అంతకుముందు పక్కింట్లో ఎవరుండేవాళ్ళు, తరవాత ఏ ఊరెళ్ళారు అని మాత్రం అడగండి. మీ మామ్మ యవ్వనంలో దిగిన ఫోటో మీ ఇంట్లో లేకపోతే శ్రీకాకుళం వైపు వెళ్ళిపోయిన ఆ పక్కింటివాళ్ళ దగ్గర ఉండొచ్చు. ఆనాటి కిరండూల్లో కెమెరా వచ్చిందంటే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా ఒకే ఫోటోలో నిలబడేవాళ్ళు.