విఱిగిన పనిముట్లకు అతుకుపని: తగిన పద్ధతి నెన్నుకొనుట

దుక్కి యదనులో గొఱ్ఱు విఱిగినను, తడి పెట్టవలసిన వేళ పంపు పగిలినను, రైతునకు గలుగు నష్టము మరమ్మతు కూలితో దీరునది కాదు. దాటిన యదను మరల రాదు గదా. కావున విఱిగిన వస్తువును వెల్డింగు దుకాణమునకు గొనిపోవుటకు ముందే, అది యే లోహమో, దాని కే యతుకు తగునో సభ్యులు తెలిసికొని యుండుట మేలు.

1. కొలిమి అతుకు: ఇనుప ముక్కలను తెల్లగా మెఱయునంతవఱకు కాచి, సమ్మెటతో గొట్టి యొకటిగా జేయుట మన కమ్మరుల ప్రాచీన విద్య. ఢిల్లీలో సుమారు 1,600 సంవత్సరములుగా నిలిచియున్న యినుప స్తంభ మిట్లు అతికినదే. కఱ్ఱు, గడ్డపాఱ మున్నగువాని కీ పద్ధతి నేటికిని దగును.

2. గ్యాసు అతుకు: ఆక్సిజన్, ఎసిటిలీన్ వాయువులు కలసి మండునపుడు జ్వాల సుమారు 3,100 సెంటిగ్రేడు డిగ్రీల వేడి నిచ్చును. పలుచని రేకులకు, సన్నని గొట్టముల కిది యనుకూలము. ఈ జ్వాలతోనే యిత్తడి కడ్డీని గరగించి పగులునందు బాఱించుటను బ్రేజింగు అందురు. ఇందు మూలలోహము కరగదు. పోత యినుమున కిది మంచి యుపాయము.

3. ఆర్కు అతుకు: విద్యుత్తుచే కడ్డీయు, ఇనుమును గరగి కలిసిపోవును. కడ్డీపై పూత కాలి, వాయువుగను చిట్టెముగను మాఱి, కరిగిన లోహమునకు గాలి సోకనీయదు. అందుచే ఆరుబయటను జేయవచ్చును. ట్రాక్టరు గొఱ్ఱు కాళ్లకు, ట్రెయిలరు చట్రమునకు ఇదియే వాడుక. బరువు మోయు అతుకులకు 7018 తరగతి కడ్డీ మేలు. కాని తేమ దగిలిన కడ్డీ వాడినచో అతుకు బీటలు వాఱును.

4. మిగ్ అతుకు: తీగ యంత్రము నుండి తనంతట వచ్చుచుండును. పని వేగముగా సాగును. గాలి వీచినచో కాపు వాయువు చెదరి అతుకున సన్నని రంధ్రములు పడును. కావున ఇది కప్పు క్రింద చేయవలసిన పని.

5. టిగ్ అతుకు: టంగ్‌స్టన్ ముల్లుతో, ఆర్గాన్ కాపుతో జరుగును. అల్యూమినియము, స్టెయిన్‌లెస్ ఉక్కు పాత్రలకు శ్రేష్ఠము. నిదానము, వ్యయము అధికము.

నా యనుభవ మొకటి చెప్పెదను. నాట్ల వేళ మా పంపు పోత యినుప తొడుగు పగిలినది. తొందరపడి సామాన్యపు ఆర్కు కడ్డీతో అతికించితిమి. మఱునాడే యతుకు ప్రక్కనే మరల బీట వాఱెను. పోత యినుము హఠాత్తుగా కాగి చల్లాఱిన నోర్వదని పిదప దెలిసినది. దానిని ముందుగా వెచ్చజేసి, నికెలు కడ్డీతో కొంచెము కొంచెముగా నతికి, బూడిదలో గప్పి మెల్లగా చల్లార్పవలెను. లేదా బ్రేజింగు చేయింపవలెను.

లోహమును గుర్తించు మార్గము సులభము. బెజ్జము వేయునపుడు పోత యినుము పొడిగా రాలును. మెత్తని ఉక్కు చుట్టలుగా వచ్చును. అల్యూమినియమును, ఇత్తడిని అయస్కాంత మాకర్షింపదు.

కొన్ని జాగ్రత్తలు: డీజిలు, పెట్రోలు ఉండిన పీపాలను ఖాళీగా గన్పట్టినను అతుకరాదు, లోని యావిరి ప్రేలును. ట్రాక్టరుపై ఆర్కు పని చేయుటకు ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. జస్తుపూత యినుము నుండి వచ్చు పొగ జ్వరము దెచ్చును. ఆర్కు వెలుగును చూచుటకు పిల్లలను చేరనీయరాదు. అది కన్నుల గాల్చును.

ట్రెయిలరు కొక్కెమువంటి, మనుష్యుల ప్రాణము లాధారపడు అతుకును మాత్రము అగ్గువ కూలి జూచి చేయింపకుడు. నేర్పరిచేతనే చేయింపుడు. కుదరనిచో క్రొత్త భాగమునే కొనుడు. పనివానిని “ఇది యే లోహము, ఏ కడ్డీ వాడుదువు?” అని ముందుగా నడుగుడు. తడుమాడక యుత్తర మిచ్చువానికే పని యప్పగింపుడు.