పాత కంప్యూటరుకు క్రొత్త బలము

మన ఇండ్లలోని కంప్యూటరు మందగించినంతనే దానిని పారవేసి క్రొత్తది కొనవలెనని తలంచుచున్నాము. తరచుగా లోపము ఒకటి రెండు భాగములలోనే ఉండును. తిరుగు పళ్లెముల హార్డ్ డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. అమర్చినచో యంత్రము శీఘ్రముగా మేల్కొనును. ర్యామ్ 4 జీబీ మాత్రమే యున్నచో 8 జీబీకి పెంచుట మేలు.

కొనుటకు ముందు మదర్‌బోర్డు ఏ రకపు ర్యామును స్వీకరించునో చూడవలెను. డెస్క్‌టాప్ డీడీఆర్ 3 పలకకు 240 పిన్నులు, డీడీఆర్ 4 పలకకు 288 పిన్నులు. గాడి యుండు చోటును వేరు. ఒకదాని స్థానమున మరొకటి ఇమడదు. బలవంతముగా నొక్కరాదు.

పెట్టె తెరచుటకు ముందు పిల్లల పాఠములను, కుటుంబ చిత్రములను, పెద్దల తెలుగు వ్రాతలను వేరొక డిస్కులో భద్రపరచుకొనవలెను. భాగము చెడినచో అంగడిలో దొరకును; అవి పోయినచో మరల దొరకవు. పిమ్మట కరెంటు తీగను ఊడదీసి, లోహపు చట్రమును తాకి, శరీరమందలి స్థిర విద్యుత్తును పోగొట్టుకొనవలెను. పవర్ సప్లయి పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు.

ఈ పనిని బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయుడని తల్లిదండ్రులకు మా విన్నపము. ఖర్చు తగ్గుట ఒక లాభము. తమ చేతులతో బిగించిన యంత్రమునెడ బిడ్డలకు భయము తొలగుట అంతకంటె గొప్ప లాభము.