తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండకూడదు

నాస్, కిల్డేర్ కౌంటీ
ఆగస్టు 24

కోడలు పిల్లా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మీ ప్రైమరీ బడి లైబ్రరీ వారానికి రెండు రోజులు నీకు అప్పజెప్పారని, జీతం పేరెంట్స్ అసోసియేషన్ పోగుచేసిన డబ్బులోంచి వస్తుందని, బడి తెరిచిన వారంలోనే టైమ్‌టేబుల్ గీసి ఇవ్వమన్నారని చెప్పావు. నీ గొంతులో సంతోషం విని నాకూ సంతోషమేసింది. ఆ వెనకే గుబులూ పట్టుకుంది. ఫోన్లో ఇవన్నీ చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

పుస్తకాలకు నంబర్లెలా వెయ్యాలో, ఏ అరలో ఏది పెట్టాలో నీకు నేను చెప్పక్కర్లేదు. విశాఖలో లైబ్రరీ సైన్స్ చదువుకున్నదానివి. నేనది చదవలేదు. పన్నెండేళ్లు ఇక్కడి ఒక బడిలో వాలంటీరుగా పుస్తకాలిచ్చి పుచ్చుకున్నాను, అంతే. అందులో నేను నేర్చుకున్నది పుస్తకాల గురించి తక్కువ, గంటల గురించీ మనుషుల గురించీ ఎక్కువ.

ముందు ఇక్కడి పద్ధతి అర్థం చేసుకో. ఐర్లండులో ప్రైమరీ బడికి లైబ్రేరియన్ అనే పోస్టు సర్కారు మంజూరు చెయ్యదు. టీచర్లకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సాయపడే ఎస్.ఎన్.ఏ.లకు పోస్టులుంటాయి. సెకండరీ స్థాయిలో వెనకబడిన ప్రాంతాల బడులు కొన్నింటికి జె.సి.ఎస్.పి. లైబ్రరీ ప్రాజెక్టు కింద పూర్తికాలం లైబ్రేరియన్లున్నారు. ఆరేళ్ల పిల్ల చదవడం నేర్చుకునే చోట మాత్రం లేరు. ఈ తిరకాసు నాకు ఇన్నేళ్లయినా మింగుడు పడలేదు. 2023 సెప్టెంబరు నుంచి ప్రైమరీ పిల్లలకు పాఠ్యపుస్తకాలు, వర్క్‌బుక్కులు, రాత పుస్తకాలు ఉచితంగా ఇస్తున్నారు. తల్లిదండ్రులకు పెద్ద బరువు దిగింది. కానీ పిల్లవాడు తనకు తాను ఎంచుకుని ఇంటికి తీసుకుపోయే కథల పుస్తకం ఆ లెక్కలోకి రాదు. అది ఎవరో ఒక టీచరు నెత్తిన అదనపు పనిగానో, కొందరు తల్లుల ఓపికగానో, నీలాగా చందా డబ్బుతో కొన్ని గంటలుగానో నడుస్తుంది. ఎవరి పనీ కాని పని ఎప్పుడైనా ఆగిపోవచ్చు. అలా ఆగిపోనివ్వకుండా చూడడమే నీ అసలు ఉద్యోగం.

ఇప్పుడు కాగితం తీసుకో. మీ బడిలో జూనియర్ ఇన్‌ఫాంట్స్ నుంచి ఆరో తరగతి దాకా ఎనిమిది ఏళ్లు, ఒక్కోదానికి రెండు సెక్షన్లు, మొత్తం పదహారు తరగతులన్నావు. బడి రోజు 5 గంటల 40 నిమిషాలు. చిన్న విరామం పది నిమిషాలు, పెద్దది అరగంట పోతే మిగిలేది ఐదు గంటలు. రెండు రోజులకు పది. తరగతికి అరగంట చొప్పున ఎనిమిది గంటలు సరిపోతాయి. ఇంకా రెండు గంటలు మిగిలాయి కదా, తరగతికి ఇంకాస్త పెంచుదామని ప్రిన్సిపల్ అంటే ఒప్పుకోకు. అందులో ఒక గంట చిరిగినవి అతికించడానికి, తిరిగొచ్చినవి అరల్లో సర్దడానికి. రెండో గంట తలుపు తీసి ఉంచడానికి. పుస్తకం అయిపోయిన పిల్ల తన వారం వచ్చేదాకా ఆగకుండా, టీచరు నడిగి పరుగెత్తుకొచ్చే గంట అది. నా పన్నెండేళ్లలో నిజమైన చదువరులను నేను పట్టుకున్నది ఆ గంటలోనే.

ఇన్‌ఫాంట్స్ మిగతావాళ్లకంటే గంట ముందే ఇంటికెళ్తారు కాబట్టి ఆ నాలుగు తరగతులనూ పొద్దున్నే పెట్టేసుకో. జూనియర్ ఇన్‌ఫాంట్స్‌ను అక్టోబరు సెలవులయ్యాక మొదలుపెట్టు. మొదటి వారాల్లో వాళ్లకు కోటు గుండీలు పెట్టుకోవడమే పెద్ద చదువు.

రోజులు నిన్నే ఎంచుకోమంటే మంగళ, గురువారాలు అడుగు. సోమవారం ససేమిరా వద్దను. ఫిబ్రవరిలో సెయింట్ బ్రిజిడ్ సెలవు, మేలో, జూన్‌లో బ్యాంకు సెలవులు, దాదాపు ఎప్పుడూ సోమవారాలే. సోమవారం వంతు పడ్డ తరగతి ఏడాదికి ఎన్ని వారాలు పోగొట్టుకుంటుందో లెక్కపెట్టేదాకా నాకూ తెలియలేదు. పైగా బడి మొత్తం నడిచేది 180 పైచిలుకు రోజులే. అందులో డిసెంబరంతా క్రిస్మస్ కచేరీ రిహార్సల్సే. మార్చిలో ఐరిష్ భాషా వారం. క్యాథలిక్ బడైతే రెండో తరగతికి కమ్యూనియన్, ఆరో తరగతికి కన్ఫర్మేషన్ సన్నాహాలు. మేలో ప్రామాణిక పరీక్షలు, జూన్‌లో విహారయాత్రలు, స్పోర్ట్స్ డే. వీటిలో ఏది మీద పడినా ముందుగా ఎగిరిపోయేది లైబ్రరీ అరగంటే. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. లైబ్రరీని అడ్డం లేని వాకిలిగా చూస్తారు, అంతే.

అందుకు నా మందు ఒక చిన్న నోటుబుక్కు. పోయిన ప్రతి అరగంటా అందులో రాయి: తేదీ, తరగతి, కారణం. ఎవరి మీదా ఫిర్యాదుగా కాదు. క్రిస్మస్ ముందు ప్రిన్సిపల్ చేతికిచ్చి, ‘నాలుగో తరగతి బి సెక్షన్‌కు ఈ టర్ములో ఐదు వారాలు పుస్తకాలు లేవు, ఎలా పూడ్చుదాం?’ అని అడుగు. నేను మాటల్లో చెప్పినంత కాలం అందరూ తలూపారు. తేదీలతో కాగితం పెట్టినరోజు టైమ్‌టేబుల్ మారింది.

ఇంకో చిక్కు వస్తుంది, సిద్ధంగా ఉండు. ఈ చుట్టుపక్కల టీచర్ల కొరత గట్టిగానే ఉంది. ఎవరైనా జ్వరంతో రాకపోతే బదులు మనిషి దొరకరు. ఆ తరగతిని ముక్కలుచేసి తలా ఐదారుగురిని పక్క గదుల్లో కూర్చోబెడతారు. అప్పుడు ఎవరో లైబ్రరీ తలుపులోంచి తొంగిచూసి, ‘కాసేపు వీళ్లను చూడగలవా?’ అంటారు. నువ్వు టీచింగ్ కౌన్సిల్‌లో నమోదైన టీచరువు కావు. ఒక తరగతిని ఒంటరిగా నీకు వదలడం వాళ్లకూ మంచిది కాదు, నీకూ మంచిది కాదు. మర్యాదగానే చెప్పు, కానీ మొదటిసారే చెప్పు.

మామూలు రోజుల్లోనూ అంతే. పిల్లలతోపాటు వాళ్ల టీచరు గదిలో ఉండాలి. పిల్లల్ని వదిలి కాఫీకి వెళ్లే అలవాటు మొదలైందంటే మరి మాన్పించలేవు. క్రమశిక్షణ కోసం చెప్పడం లేదు. సీనియర్ ఇన్‌ఫాంట్స్‌లో ఒక పిల్లవాడు ఏడు వారాలు వరసగా జేసీబీ బొమ్మల పుస్తకమే తీసుకెళ్లాడు. అట్ట మూల నమిలి నమిలి మెత్తబడిపోయింది. వేరేది తీసుకోరా నాయనా అని నేను నస పెడుతున్నాను. వాళ్ల టీచరు కిటికీ దగ్గర నిలబడి అంతా చూసింది. మర్నాడు వాడి రాత పుస్తకంలో జేసీబీ బొమ్మ గీసి, కింద మూడు మాటలు రాయించింది. పెన్సిలే పట్టనన్న పిల్లవాడు! ఆమె ఆ రోజు స్టాఫ్‌రూములో ఉండుంటే మిగిలేది నాకు కనిపించిన మొండితనమే.

అరగంటలో ఇరవై ఎనిమిదిమంది పిల్లలు. పిల్లకు నిమిషం చొప్పున పుస్తకం తీసుకుని, ఇంకొకటి రాసి ఇస్తే ఇరవై ఎనిమిది నిమిషాలు ఐపోయాయి. కథ ఎప్పుడు చదువుతావు? కాబట్టి తరగతికొక ప్లాస్టిక్ డబ్బా ఇవ్వు. తిరిగిచ్చే పుస్తకాలు వచ్చేముందే అందులో పడాలి. ఆరో తరగతి నుంచి ఇద్దరిద్దరు పిల్లలను వంతులేసి పిలువు, జమ వాళ్లు రాస్తారు. మెడలో ‘లైబ్రేరియన్’ అని బ్యాడ్జి వేసి చూడు, ఎంత బాధ్యతగా ఉంటారో. వాళ్లు జూన్‌లో వెళ్లిపోతారు కనుక మే నెలలోనే ఐదో తరగతి వాళ్లను పక్కన నిలబెట్టి నేర్పించు.

తల్లిదండ్రుల సంగతీ చెప్పాలి. సెప్టెంబరులో చీటీ పంపితే ఎనిమిదిమంది పేర్లిస్తారు. హాలోవీన్ తర్వాత ముగ్గురు మిగులుతారు. మనవాళ్లలో నర్సులు ఎక్కువ, నైట్ డ్యూటీ దిగి వచ్చి కళ్లు మూతలు పడుతుంటే స్టాంపు వేసిన తల్లులను చూశాను. వాళ్లను ప్రతివారం రమ్మనకు. నెలకొకసారి, తేదీ ముందే చెప్పి పిలువు, తప్పకుండా వస్తారు. పిల్లల మధ్య క్రమంగా పనిచేసేవాళ్లకు గార్డా వెట్టింగ్, అంటే పోలీసు తనిఖీ, చట్టప్రకారం తప్పనిసరి. ఆ కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టించు, లేకపోతే మనుషులున్నా లోపలికి రానివ్వలేవు. ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకు ఇంట్లో చేసే పనివ్వొచ్చు. మా అమ్మ వచ్చిన ఏడాది మా వంటింటి బల్ల మీద రెండువందల పుస్తకాలకు అట్టలు వేసింది. జూన్‌లో మా బడి పుస్తకాలకు వేసినట్టే, మూలలు త్రికోణంగా మడిచి, ఒక్క ముడత లేకుండా.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో, ఏ పిల్లకు ఏది ఇష్టమో అంతా నా తలలోనే ఉండేది. అది గొప్ప అనుకున్నాను. ఒక ఫిబ్రవరిలో నాన్నగారికి గుండె ఆపరేషనని ఉన్నపళంగా గుంటూరు వెళ్లాను. ఆసుపత్రి వరండాలో చిల్లర కోసం హ్యాండ్‌బ్యాగు తడుముతుంటే చేతికి ఇనుప ముక్క తగిలింది. లైబ్రరీ గది తాళంచెవి. ఐదు వారాలు ఆ గది తెరుచుకోలేదు. ఇంకో చెవి ఉందో లేదో ఎవరికీ తెలియదు, తెరిచినా నా రాతలు ఎవరికీ అర్థంకావు. తిరిగొచ్చేసరికి ఆ గదిలో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు బల్లలు వేసి ఉన్నాయి, పుస్తకాలు అరటిపండ్ల అట్టపెట్టెల్లో నడవాలో ఉన్నాయి. వాళ్లను అనడానికేముంది, ఖాళీగా ఉన్న గది వాడుకున్నారు. మా చిన్నప్పటి జిల్లా పరిషత్ హైస్కూల్లో పుస్తకాల బీరువా తాళంచెవి హెడ్మాస్టరు గారి జేబులో ఉండేది, పుస్తకం పోతే జీతంలోంచి కట్టాలని ఆయన భయం. ఆయన మీద నేనెన్నేళ్లు విసుక్కున్నానో! నేనూ అదే బీరువా కట్టాను.

1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు, నీకు పాఠాల్లో చెప్పే ఉంటారు. నడవాలోని ఆ అట్టపెట్టెలు సర్దుతూ నేను ఆ పడవ గురించే ఆలోచించాను. పుస్తకాలకు గది లేకపోయినా ఫరవాలేదు. పడవ ఎప్పుడొస్తుందో తెలిస్తేనే కదా జనం రేవులో నిలబడేది. ఇక్కడి కౌంటీ లైబ్రరీ వ్యాన్లూ ఫలానా రోజు ఫలానా చోట అని కాగితం అంటించి మరీ తిరుగుతాయి. ఆ వసంతమంతా ఒక ట్రాలీ మీద పుస్తకాలు పెట్టుకుని, తరగతి తరగతికీ వాళ్ల పాత అరగంటకే వెళ్లాను. ఒక్క నిమిషం మార్చలేదు. రెండు నెలల్లో, ట్రాలీ చక్రాల చప్పుడు వినగానే పిల్లలు డబ్బా ఎత్తి తలుపు దగ్గర పెట్టేవాళ్లు. గది తిరిగి రావడానికి ఇంకో ఏడాది పట్టింది, కానీ ఆ ఏడాది పుస్తకాలు ఆగలేదు.

మీ ఊరి పబ్లిక్ లైబ్రరీకి ఈ వారమే వెళ్లి బాలల విభాగం చూసే ఆమెను పలకరించు. సభ్యత్వం అందరికీ ఉచితం, 2019 నుంచి ఆలస్య రుసుమూ లేదు. కార్డు చేయిస్తే జరిమానా పడుతుందేమోనని జంకే తల్లులకు ఆ ఒక్కమాట చెప్పు చాలు. తరగతులను అక్కడికి నడిపించుకెళ్లే రోజు కూడా అప్పుడే ఖాయం చేసుకో.

శనివారం పదింటికి వస్తాను. పదహారు గళ్ల కాగితం పెన్సిల్‌తో గీసి ఉంచు, పెన్ను వద్దు, ప్రిన్సిపల్ చూశాక ఎలాగూ మారుతుంది. నా తేదీ స్టాంపు, ట్రాలీ తెస్తున్నాను. గది తాళంచెవి నీకిచ్చారుగా, అది బ్యాగులో వేసుకో. మెయిన్ స్ట్రీట్‌లో చెవులు చేసే కొట్టు దగ్గర ఆగి రెండోది చేయిద్దాం. సోమవారం దాన్ని సెక్రటరీ చేతికివ్వు.

నీ మేనత్త